సెలెక్షన్ చీమలు నడిచిన చోట చుక్కలు మిగలకుండా

అన్నా, మ్యాక్‌పెయింట్ (యాపిల్ మ్యాక్‌లో బొమ్మలు గీసే పాత ప్రోగ్రామ్) తరహా ప్రోగ్రామ్‌లో సెలెక్షన్ గీత, అంటే ఎంచుకున్న భాగం చుట్టూ చీమల బారులా నడిచే చుక్కల గీత, కదిలే కొద్దీ బొమ్మ మీద చుక్కలు మిగిలిపోతున్నాయన్నారు కదా. మీరు పెట్టిన కోడ్‌లో ప్యాటర్న్‌ను (గీతను గీసే 8 వరుసల చుక్కల నమూనాను) ముందు జరిపి, ఆ తర్వాత చెరుపుతున్నారు. తేడా అక్కడే వస్తోంది. ఎక్సార్‌తో (రెండు బిట్లు వేరుగా ఉంటే 1, ఒకేలా ఉంటే 0 ఇచ్చే లెక్కతో) గీసింది మళ్లీ అదే ప్యాటర్న్‌తో గీస్తేనే పోతుంది. పాతదానితో చెరిపి, అప్పుడు జరపండి.

కానీ అలా చేస్తే గీత మిణుకుమిణుకుమంటుంది, కళ్లకు చాలా ఇబ్బంది. ఇంతకన్నా మంచి దారి ఉంది. ప్యాటర్న్‌లో ఒక పాత వరుస 11110000 అనుకోండి. ఒక బిట్ కుడికి తిప్పితే 01111000. ఈ రెండింటి ఎక్సార్ 10001000. ఆ తేడాను ఒక్కసారి గీస్తే చాలు, చీమలు అడుగు ముందుకేస్తాయి. 8 వరుసలకూ ఇలాగే. 1984 నాటి మ్యాక్‌పెయింట్ కోసం దాన్ని రాసిన యాపిల్ ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్‌కు ఈ కదలిక ఆలోచన బీరు ప్రకటన బోర్డులో పారే జలపాతాన్ని చూసి వచ్చిందట, ఎంత అందమైన గమనింపో! స్క్రోల్ చేసేముందు మాత్రం గీతను పూర్తిగా చెరిపేయండి.