గ్రాంటుకు దరఖాస్తు పెడుతున్న మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి నీ మేనత్త ఆశీస్సులు.

పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడు నీళ్లను బాగుచేసే విజ్ఞానం మన పల్లెల్లో మనుషుల బతుకులను ఏ మేరకు మార్చిందో పరిశోధించడానికి గ్రాంటు కోసం దరఖాస్తు పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు సంతోషంతో నోట మాట రాలేదు. మన ఇంటి ఆడపిల్ల విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడమే గొప్ప అనుకుంటుంటే, నీవు ఆ చదువును మళ్లీ మన మునుగోడు, మర్రిగూడ పల్లెల వైపే తిప్పుతున్నావు. అయితే ఫోన్ పెట్టేసిన తరువాత మనసులో ఒక భయం కూడా పట్టుకుంది. డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పినన్నాళ్లూ ఈ ప్రాంతానికి వచ్చిన పరిశోధక బృందాలకు దారి చూపింది, ఊరివాళ్లతో మాట కలిపింది నేనే కాబట్టి, ఇటువంటి పనులు ఎక్కడ చెడిపోతాయో దగ్గర నుంచి చూశాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తమ్మా" అని నీ పనిలో పడిపోతావు. అందుకే రాస్తున్నాను. దరఖాస్తును పక్కన పెట్టుకొని చదువు.

అందరికీ తెలిసిన సంగతులు ముందుగా చెప్పి ముగిస్తాను. ప్రకటనను మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువు. రిజిస్ట్రారు సంతకం గడువుకు వారం ముందే తెచ్చుకో, ఎందుకంటే చివరి రోజున పోర్టల్ మొరాయిస్తుంది. ఒకే ప్రతిపాదనను రెండు సంస్థలకు గుట్టుగా పంపకు. ఎక్కడికి పంపాలన్నది మాత్రం కాస్త నిదానించి తేల్చుకో. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలికి పంపితే నీ ప్రశ్న, నీ పద్ధతి ఎంత గట్టివో ప్రధానంగా చూస్తారు. 2023 నాటి చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్, విజ్ఞాన సాంకేతిక రంగాలు మానవీయ, సామాజిక శాస్త్రాలతో కలిసే చోటును కూడా తన పరిధిలో చేర్చుకుంది. అక్కడికి పంపేటట్లయితే నీళ్ల పరీక్షల భాగం బలంగా ఉండాలి, రసాయన శాస్త్ర విభాగం నుంచి ఒకరు సహపరిశోధకులుగా ఉండాలి. రెండింటికీ సరిపోవాలని రాసిన ప్రతిపాదన రెండు చోట్ల నుంచీ తిరిగి వస్తుంది.

ఇక నీ శీర్షిక సంగతి. "ఫ్లోరైడు నివారణ సాంకేతికతల సామాజిక ప్రభావం" అని పెట్టావట. బిడ్డా, అది జిల్లా అంత వెడల్పుగా ఉంది, దాన్ని చదివినవారికి నీవు రేపు ఉదయం ఏ ఇంటి ముందు నిలబడతావో తెలియదు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అంటే టాంజానియాలోను, ఇథియోపియాలోను ఈ రంగంలో పనిచేసేవారికి తెలుసు. తరగతిలో ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గర్వంగానే ఉండేది. అడుగుభాగానికి కొంచెం పైన కుళాయి బిగించిన బకెట్టులో నీళ్లు పోసి, సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, బాగా తిప్పి, సుమారు గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది, పైనున్న తేట నీళ్లు తాగవచ్చు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడు ఉంది, ఎంత క్షారత (ఆమ్లాన్ని విరిచే గుణం) ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది, అందువల్ల ఈ బోరుకు సరిపోయిన కొలత పక్క బోరుకు సరిపోదు. తెల్లవారకముందే కలుపు తీయడానికి పోయే ఆడమనిషికి ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? పటిక అయిపోతే కొనేదెవరు? అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోశారు? సాంకేతికత ఇంట్లో నిలబడిందా, మూలకు చేరిందా అన్నది తేల్చేవి ఇవే. ఇటువంటి ప్రశ్నను ఒక్కటి పట్టుకొని రెండు మూడు ఊళ్లకు పరిమితం చెయ్యి, మిగతావన్నీ దానికి లోబడి రానీ.

నేపథ్యం రాసేటప్పుడు పరాయి దేశాల సిద్ధాంతాలతో మొదలుపెట్టకు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీటి గోసను దేశానికి చూపించాలని నల్లగొండ స్థానానికి కుప్పలుగా నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు, పోలింగే వాయిదా పడింది. విజ్ఞానం మాకేమి చేసిందన్న ప్రశ్నను నీకంటే ముందే ఈ జిల్లా జనం అడిగారని ఢిల్లీలో కూర్చుని నీ దరఖాస్తు చూసే పరిశీలకుడికి అర్థం కావాలంటే ఆ ఒక్క సంగతి చాలు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను.

చాలా ఏళ్ల కిందట పేరున్న ఒక సంస్థ నుంచి ఒక బృందం మర్రిగూడ వైపు ఒక ఊరికి వచ్చింది. చదువుకున్నవారు, మర్యాదస్తులు, మంచి పరికరాలు తెచ్చుకున్నారు. బడి వరండాలో పిల్లలను వరుసగా నిలబెట్టి, పై పెదవిని వేలితో ఎత్తి పళ్లు చూసి, పళ్ల మీది ఫ్లోరైడు మచ్చల తీవ్రతను లెక్కగట్టే డీన్ సూచిక ప్రకారం ఒక్కొక్కరికి ఒక అంకె వేసుకున్నారు. మూత మీద సంఖ్య రాసిన ప్లాస్టిక్ సీసాలు ఇచ్చి మూత్రం పట్టించారు. పెద్దవాళ్లను ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నారు, గడ్డాన్ని ఛాతీకి ఆనించమన్నారు, చేతులు తల వెనక కలపమన్నారు. వంగలేకపోయిన ఒక పెద్దాయనను ఫొటో కోసం మళ్లీ వంగమన్నారు. వాళ్ల మాటలను ఊరివాళ్లకు, ఊరివాళ్ల మాటలను వాళ్లకు నేను చెబుతున్నాను. ఒక తల్లి తన బిడ్డ చేతిలోని సీసా చూపించి, "దీనితోని ఏం తెలుస్తది మేడమ్?" అని అడిగింది. ఎవరి ఒంట్లో ఎంత ఫ్లోరైడు ఉందో తెలుస్తుందని, ఇంటింటికీ కాగితం వస్తుందని బృందం పెద్ద చెప్పాడు. నేను ఆ మాటనే ఆమెకు చెప్పాను.

కాగితం రాలేదు. గ్రాంటు గడువు ముగిసింది, పరిశోధన పత్రం ఒక పత్రికలో అచ్చయింది, బృందంలోని వారు తలా ఒక ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆ తల్లి మాత్రం సంతలో కనబడినప్పుడల్లా "మా పిల్ల సీసా సంగతి వచ్చిందా?" అని నన్ను అడిగేది. నేను ఆ సంస్థకు ఉత్తరాలు రాశాను. ప్రాజెక్టు ముగిసిపోయిందని, ఖాతా మూసివేశామని జవాబు వచ్చింది. ఆ పిల్ల పెళ్లీడుకు వచ్చింది, పళ్ల మీది గోధుమ రంగు మచ్చలు చూసి సంబంధాలు వెనక్కి పోయాయి. అన్నేళ్లూ ఆ ఇంట్లో అదే బోరు నీళ్లు తాగుతూనే ఉన్నారు, ఎందుకంటే వీధి చివరి బోరులో ఫ్లోరైడు తక్కువ ఉందని పత్రికలోని పట్టికలో ఉంది కానీ ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తరువాత వేరొక బృందం వచ్చినప్పుడు ఆడవాళ్లు బడి గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డారు. "మా నీళ్లు కావాలంటే కొంచవోండి, మా పిల్లలను ముట్టుకోకుండ్రి" అన్నారు. రెండో బృందం ఏ పాపమూ ఎరుగదు, అయినా ఏమీ చేయలేక వెనుదిరిగింది.

ఆ మొదటి బృందం దరఖాస్తు నకలు తరువాత ఎప్పుడో నా కంటబడింది. అందులో పరికరాలకు డబ్బు ఉంది, జీపుకు ఉంది, ఢిల్లీలో సెమినారుకు ఉంది. ఫలితాలతో ఆ ఊరికి తిరిగి పోవడానికి ఒక్క రూపాయి కూడా లేదు. మనుషులు చెడ్డవాళ్లు కారని, పద్ధతి అట్లా ఉందని నాతో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. దరఖాస్తు రాసేటప్పుడు ఆ పద్దు రాయనిది మనుషులే.

కాబట్టి, బిడ్డా, నీ బడ్జెట్ పట్టికలో ఊరికి ఫలితాలు అందించడం అన్న పద్దు విడిగా ఉండాలి. దాన్ని చివరి నెలకు నెట్టకు, చివరి వాయిదా సొమ్ము ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. కాలపట్టికలో నడిమధ్యనే ఒకసారి, చివర ఒకసారి పెట్టు. ప్రతి ఇంటికీ పెద్ద అక్షరాల తెలుగు కాగితం ఇవ్వాలి. వాళ్లు తాగే నీళ్లలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందో, భారత ప్రమాణం ప్రకారం 1 దాకా మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని, దగ్గరలో ఏ నీళ్లు మేలో అందులో ఉండాలి. చదవలేనివారికి గ్రామసభలో చదివి వినిపించాలి. పరిశీలకులు ఈ పద్దును కొట్టివేయమంటే సెమినారు ప్రయాణాన్ని కొట్టివెయ్యి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో శాస్త్రవేత్తల సామాజిక బాధ్యత గురించి మార్గదర్శకాలే ఇచ్చింది, వాటిని చూపించి వాదించు. మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి కూడా సంతకాల తంతుగా భావించకు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తరువాత కూడా 7 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లల నోటిమాట సమ్మతి, ఆపైన 18 ఏళ్ల లోపువారి రాతపూర్వక సమ్మతి కావాలి. పిల్ల తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆగిపో.

పిల్లల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నీ పరిశోధనకు అసలు సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉంది. వంగిపోయిన ఎముక మంచినీళ్లతో తిరిగి నిటారుగా కాదు, కాబట్టి పెద్దవాళ్లను చూసి కొత్త నీళ్లు ఏమి చేశాయో చెప్పలేవు. పంటి పింగాణీ మాత్రం చిన్నతనంలో, పన్ను తయారయ్యే రోజుల్లోనే దెబ్బతింటుంది. ముందరి శాశ్వత దంతాలు 6 నుంచి 8 ఏళ్ల మధ్య బయటికి వస్తాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథను 2016 ఆగస్టులో కోమటిబండలో ప్రారంభించారు. ఏ ఊరికి నల్లా నీళ్లు ఏ సంవత్సరం చేరాయో పంచాయతీలో కనుక్కొని, ఆ తరువాత పుట్టినవారి పళ్లను వాళ్ల అక్కల, అన్నల పళ్లతో పోల్చవచ్చు. దానికోసం దంత వైద్యులను తప్పక కలుపుకో. ఒక చిక్కు మరిచిపోకు. అదే 2016 అక్టోబరులో మన జిల్లాను నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడుగా విడదీశారు. పాత జిల్లా లెక్కను కొత్త జిల్లా లెక్క పక్కన పెడితే అంతా తప్పు అవుతుంది, మండలాల వారీగా, వీలైతే ఊరి వారీగా పోల్చు.

నీళ్ల పరీక్ష విషయంలో నా చాదస్తాన్ని సహించు. నమూనాలు గాజు సీసాల్లో కాకుండా ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టు. రంగు చూసి చెప్పే కిట్టుతో సరిపెట్టుకోకుండా ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడ్ కొనుక్కో. పటిక వేసిన నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడును పట్టుకొని ఉంటుంది కాబట్టి, ఆ పట్టును విడిపించే టిసాబ్ ద్రావణం కలపకుండా కొలిస్తే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ తక్కువ అంకెను నమ్మి ఒక తల్లికి "ఈ నీళ్లు మంచివే" అని చెబితే ఏమవుతుందో నీకు వేరే చెప్పనక్కరలేదు.

డబ్బు వచ్చాక ప్రతి బిల్లుకూ రసీదు దాచు. వినియోగ ధ్రువపత్రం ఆగితే తరువాతి వాయిదా ఆగుతుంది, నీతో పనిచేసే పిల్లల జీతం ఆగుతుంది. నీకు చిన్నప్పటి నుంచీ కాగితాలు ఎక్కడ పెడితే అక్కడ వదిలేసే అలవాటు ఉంది, అది ఇక్కడ చెల్లదు. అట్లాగే పూట పూటకూ తిను, ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఊళ్ల వెంట తిరగకు, ఒంటరిగా అసలే పోకు. కోప్పడుతున్నానని అనుకోకు. నీవు ఈ పని చేయగలవని నాకు నమ్మకం ఉంది కాబట్టే ఇంత రాశాను. మొదటిసారి తిరస్కరించినా పరిశీలకుల వ్యాఖ్యలు తెప్పించుకొని మళ్లీ పంపుదాం, నేను పక్కన కూర్చుంటాను.

ముసాయిదా తయారు కాగానే అచ్చు తీసుకొని ఏదో ఒక ఆదివారం ఇంటికి రా. నేను ముందుగా బడ్జెట్ పేజీ చూస్తాను. అది చూసేదాకా రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లకు.

ఇట్లు,
నీ మేనత్త