వీవోఆర్ తీసేసే చోట రూటు గీసే అమ్మాయికి

కావలి

అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

పాత వీవోఆర్‌లు, అంటే విమానాలకు దిక్కు చెప్పే నేల మీది రేడియో స్టేషన్లు, తీసేసే చోట విమానాల రూట్లు తిరగరాసే జట్టులో నిన్ను వేశారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింటి పిల్ల ఆకాశంలో దారులు గీస్తుందంటే గర్వంగానే ఉంది. గుబులూ ఉంది. ఈ పనిలో తప్పు దొర్లితే గీసినవాళ్లకు కనపడదు. గీత చక్కగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది, పై అధికారి సంతకం పెడతాడు. ఏ తుఫాను రాత్రో, ఇంకో ఊరి మీద, నీకు ముఖం కూడా తెలియని పైలట్‌కు అది బయటపడుతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

తేలికవి ముందే తేల్చేస్తా. కోఆర్డినేట్లన్నీ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 లెక్కలోనే ఉండాలి, పాత సర్వేల ఎవరెస్ట్ లెక్కలో కొలిచిన పాత కాగితం దొరికితే మార్చకుండా వాడొద్దు. ఎయిరాక్ తేదీలు, అంటే ఇలాంటి మార్పులు అమల్లోకొచ్చే రోజులు, 28 రోజులకొకటి, గురువారం. మార్పు 42 రోజుల ముందు బయటికి పోవాలి, 28 రోజుల ముందు వాడేవాళ్ల చేతికి అందాలి, పెద్ద మార్పైతే 56 రోజుల ముందే పంపు. రూటు పేరులో ఎల్, ఎమ్, ఎన్, పీ అక్షరాలు ప్రాంతీయ ఆర్‌నావ్ (స్టేషన్ నెత్తి మీదికి పోనక్కర్లేకుండా కోఆర్డినేట్ల మీద నడిచే) రూట్లవి, క్యూ, టీ, వై, జెడ్ మిగతా ఆర్‌నావ్‌వి, మన పాత దేశీయ రూట్లవి డబ్ల్యూ. ఇవన్నీ ట్రైనింగులో చెప్పే ఉంటారు.

ఇక అసలు సంగతి. వీవోఆర్‌ను ఆపేయడానికి ఒక పూట చాలు. దాని పేరు ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకడానికే నెలలు పడుతుంది. పొలం దస్తావేజుల్లో చెక్కుబందీ చూశావు కదా, తూర్పున మర్రిచెట్టు అని ఉంటుంది. చెట్టు కొట్టేసినా దస్తావేజు మారదు, హద్దు మాత్రం గాల్లో వేలాడుతుంది. వీవోఆర్ పోయాక మిగిలే కాగితాల గతి కూడా అదే.

ఏఐపీలో, అంటే దేశపు విమానయాన సమాచార పుస్తకంలో, రూట్ల పట్టికలు, రేడియో సాధనాల పట్టిక అందరూ చూస్తారు. ఎవరూ చూడనివి వేరే ఉన్నాయి. పక్క విమానాశ్రయం మిస్డ్ అప్రోచ్‌లో (దిగలేక మళ్లీ పైకి లేచే దారిలో) చివరి వాక్యం ఈ వీవోఆర్ మీద హోల్డింగ్‌కు, అంటే చుట్లు కొడుతూ ఆగడానికి, పొమ్మంటుంది. ఇంకో చోట ఒక ఫిక్స్ (ఆకాశంలో గుర్తుపెట్టిన బిందువు) ఈ స్టేషన్ రేడియల్‌నీ, అంటే దాని నుంచి పోయే దిక్కు గీతనీ, వేరే స్టేషన్ దూరాన్నీ కలిపి కట్టి ఉంటుంది. రెండు కంట్రోల్ యూనిట్ల మధ్య ఒప్పంద పత్రంలో విమానాన్ని అప్పగించే చోటు దీని పేరుతోనే ఉంటుంది. రేడియో పోయిన విమానం ఎక్కడికి వెళ్లి ఎంతసేపు తిరగాలో చెప్పే పేరాలోనూ ఇదే. మన పక్కనున్న శ్రీహరికోటను మరిచిపోవద్దు. ప్రయోగం ఉన్న రోజు సముద్రం మీద కొన్ని రూటు ముక్కలు మూసి బదులు దారులు నోటామ్‌లో, అంటే పైలట్లకు పంపే తాత్కాలిక ప్రకటనలో, ఇస్తారు. అలాంటి నోటామ్‌ను పోయినసారి ముసాయిదా తెరిచి తేదీలు మార్చి పంపడమే ఏ ఆఫీసులోనైనా అలవాటు. ఆ ముసాయిదాలో చచ్చిపోయిన వీవోఆర్ బతికే ఉంటుంది.

కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతికితే సరిపోతుందనుకుంటున్నావేమో, సరిపోదు. కొన్ని చార్టులు బొమ్మలు, వాటిలోని అక్షరాలు వెతుకులాటకు దొరకవు. పూర్తి పేరు ఒక చోట, మూడక్షరాల గుర్తు ఇంకో చోట, ఫ్రీక్వెన్సీ అంకె మాత్రమే వేరొక చోట ఉంటుంది. మూడింటితోనూ వెతుకు, తర్వాత కాగితం చేతపట్టుకుని కళ్లతో వెతుకు.

నాకు అన్నిటికంటే భయం మినిమం సెక్టార్ ఆల్టిట్యూడ్, అంటే ఆ దిక్కున అంతకంటే కిందికి దిగకూడని ఎత్తు. చార్టు మూలన ఉండే ఆ చిన్న వలయానికి కేంద్రం చాలాచోట్ల వీవోఆరే. 25 నాటికల్ మైళ్ల (ఈ ఉత్తరంలో మైలంటే అదే) వృత్తం, బయట ఇంకో 5 మైళ్ల అంచు, అందులోని అత్యంత ఎత్తైన అడ్డంకి మీద 1000 అడుగులు, కొండ ప్రాంతంలో 2000 దాకా. వీవోఆర్ పోతే కేంద్రం విమానాశ్రయం రిఫరెన్స్ పాయింట్‌కు జరుగుతుంది. ఆ జరగడం రెండు మూడు కిలోమీటర్లే, అదేమంత తేడా అనుకుని పాత అంకెలే కొత్త వలయంలో దించేస్తారు. ఉదయగిరి దుర్గం లాంటి కొండ ఒకటి పాత అంచుకు కిలోమీటరు అవతల ఉందనుకో. నిన్నటిదాకా లెక్కలో లేదు, ఇవాళ లోపలికొచ్చింది. మూడు వేల అడుగుల కొండకు కనీసం నాలుగు వేల పైన ఉండాల్సిన సెక్టార్‌లో పాత అంకె 2500 అని ఉంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కేంద్రం ఒక్క మీటరు జరిగినా అడ్డంకుల లెక్క మొదటి నుంచి చెయ్యి. వెలిగొండల వైపు సెక్టార్ అయితే రెండో మనిషి చేత విడిగా చేయించు, నీ లెక్క అతనికి చూపించకుండా.

వీవోఆర్ ఉన్న చోటే వేపాయింట్ (కోఆర్డినేట్లతో గుర్తించిన బిందువు) పెడితే రూటు మారనట్టే అని నీకు ఎవరో ఒకరు చెప్తారు. నమ్మొద్దు. పాత పద్ధతిలో విమానం స్టేషన్ నెత్తి మీదికి వచ్చాకే తిరిగేది, మలుపు బయటి వైపుకు పొంగేది. ఫ్లై-బై వేపాయింట్ దగ్గర ముందే తిరగడం మొదలెడుతుంది. 450 నాట్ల వేగం, 25 డిగ్రీల బ్యాంక్ (పక్కకు వంపు) అనుకుంటే మలుపు వ్యాసార్ధం సుమారు 6.3 మైళ్లు. 60 డిగ్రీల మలుపుకు వేపాయింట్‌కు 3.7 మైళ్ల ముందే తిరుగుతుంది, పాయింట్‌కు దాదాపు మైలు లోపలి నుంచి పోతుంది. ఆ లోపలి వైపు ఏముందో, ఏ నిషేధిత ప్రాంతం అంచు ఉందో, పక్క రూటు ఎంత దూరంలో ఉందో పాతవాళ్లు చూసి ఉండరు. వాళ్లకు ఆ అవసరం రాలేదు.

డీఎంఈ (విమానానికి స్టేషన్ దూరం చెప్పే రేడియో సాధనం) దూరంతో కట్టిన ఫిక్స్‌లలో ఇంకో మెలిక ఉంది. డీఎంఈ చూపేది ఏటవాలు దూరం. 30,000 అడుగుల్లో 10 అని చూపిస్తే నేల మీద దూరం 8.7 మైళ్లే. పాత ఫిక్స్‌ను కోఆర్డినేట్‌గా మార్చేటప్పుడు అది ఏ ఎత్తులో వాడేదో ముందు అడుగు. రేడియల్ అంకెలను కూడా గుడ్డిగా ఎత్తి రాయకు. స్టేషన్‌ను ఏ ఏడాది మాగ్నెటిక్ నార్త్‌కు సరిచేశారో ఆ లెక్కలోనే అవి ఉండిపోతాయి. మన వైపు వేరియేషన్ (అసలు ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ తేడా) చిన్నదే కాబట్టి బతికిపోతున్నాం గానీ, ఒక డిగ్రీ తేడా అంటే 60 మైళ్ల దూరంలో ఒక మైలు. అసలు ఉత్తరం నుంచి కొలిచే ట్రూ ట్రాక్‌ను కోఆర్డినేట్ల నుంచి కట్టి, ఇప్పటి వేరియేషన్‌తో దాన్ని సరిచెయ్.

పేర్ల గురించి కాస్త ఎక్కువే చెప్తా, అడ్డం రాకు. 1995 డిసెంబర్ 20 రాత్రి, కొలంబియాలోని కాలీకి దిగుతున్న బోయింగ్ 757 పైలట్లు రోజో అనే ఎన్‌డీబీ (ఇంకో రకం పాత రేడియో స్టేషన్) మీదుగా వస్తామంటే కంట్రోలర్ సరేనన్నాడు. చార్టులో రోజో గుర్తు ఆర్ అనే ఒక్క అక్షరం. కాక్‌పిట్‌లో ఆర్ అని కొట్టారు. ఆ దేశంలోనే బొగోటా దగ్గర రోమియో అనే ఇంకో ఎన్‌డీబీకి కూడా గుర్తు ఆర్ అనే. డేటాబేస్‌లో ఆర్ కొడితే ముందు వచ్చేది ఆ రోమియో. రోజో కావాలంటే పేరు మొత్తం కొట్టాలి. చార్టు ఒక రకంగా, డేటాబేస్ ఇంకో రకంగా రాసుకున్నాయన్న సంగతి దిగే తొందరలో ఎవరికి తడుతుంది? సరిచూడకుండానే ఒప్పుకున్నారు. విమానం ఎడమకు, నూట ముప్పై మైళ్ల అవతలున్న రోమియో వైపు తిరిగింది, కొండల్లోకి. అక్కడ రాడార్ లేదు, కింద నుంచి చూసి చెప్పేవాళ్లు లేరు. తప్పు గ్రహించి వెనక్కి తిప్పే లోపే కిందికి చాలా దిగిపోయారు. 163 మందిలో 159 మంది పోయారు.

పైలట్ల తప్పని విచారణలో రాశారు. ఒప్పుకుంటా. కానీ ఆ ఉచ్చు బిగించింది కాక్‌పిట్‌లో కాదు, బల్లల దగ్గర. ఒకే గుర్తు రెండు స్టేషన్లకు ఇచ్చిన బల్ల ఒకటి, చార్టులో ఒకలా డేటాబేస్‌లో ఇంకోలా రాసిన బల్లలు ఇంకొన్ని. ఇప్పుడు నువ్వు కూర్చున్నది అలాంటి బల్ల దగ్గరే తల్లీ. రేడియో సాధనం గుర్తు 600 నాటికల్ మైళ్ల లోపల మళ్లీ రాకూడదని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నియమం. వీవోఆర్ పోయాక ఆ చోటుకు ఐదక్షరాల కొత్త పేరు తీసుకో. పాత పేరు మీద మమకారంతో కంట్రోలర్లు అదే ఉంచమంటారు, లొంగకు. లేని స్టేషన్ పేరు చార్టులో కనిపిస్తే ఎవరో ఒకరు దాని ఫ్రీక్వెన్సీ తిప్పుతారు. ఉన్న పాయింట్‌ను కొంచెం పక్కకు జరిపినా పేరు మార్చాల్సిందే, లేకపోతే కొత్త డేటాబేస్ ఎక్కించని విమానం పాత చోటికి, ఎక్కించింది కొత్త చోటికి పోతాయి, రేడియోలో రెండూ ఒకే మాట చెప్తాయి. వదిలేసిన పేరును వేరే చోట వాడాలంటే కనీసం ఆరు నెలలు ఆగాలి. నన్నడిగితే అసలు వాడొద్దు. కొత్త పేరు ఖాయం చేసే ముందు గట్టిగా పలికి చూడు, తమిళ కంట్రోలర్ చేత, బెంగాలీ పైలట్ చేత కూడా పలికించు. చుట్టుపక్కల పేర్లతో కలిసిపోతే తీసెయ్.

రెండో భయం జీపీఎస్. అంతా దాని మీదే నిలబెట్టి కింద ఏమీ ఉంచకపోతే ఎట్టా? 2025 నవంబర్‌లో ఢిల్లీ చుట్టూ విమానాలకు దొంగ జీపీఎస్ సిగ్నళ్లు తగిలిన సంగతి నీకు తెలిసిందే. జీపీఎస్‌ను సరిదిద్దే మన ఉపగ్రహ వ్యవస్థ గగన్ ఉంది కదా అంటావు. 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో ఏటీఆర్ విమానం దిగినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ గగన్ వచ్చేదీ జీపీఎస్ వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ మీదే. ఒకే జామర్ రెండింటినీ ముంచుతుంది. అమెరికావాళ్లు 896 వీవోఆర్‌లను ఒకేసారి పీకేయలేదు. జీపీఎస్ పోయినా ఏ విమానానికైనా 100 మైళ్ల లోపు దిగే చోటు దొరికేలా సుమారు 590 ఉంచుకోవాలని లెక్క వేసుకున్నారు. మన దగ్గర ఏది ఉంచాలన్న చర్చ వచ్చినప్పుడు, పాతదైపోయింది కాబట్టి తీసేద్దామనే మాట ఒక్కటే వినపడుతుంది. నువ్వు కోణాలు అడుగు.

మనూరి మీదే చూడు. రెండు డీఎంఈలతో చోటు కనుక్కోవాలంటే వాటి మధ్య కోణం 30కి తగ్గకూడదు, 150 దాటకూడదు. కావలి నుంచి చెన్నై విమానాశ్రయం సుమారు 115 మైళ్లు, దాదాపు నేరుగా దక్షిణం. విజయవాడ 108 మైళ్లు, ఉత్తరం నుంచి కొంచెం తూర్పుకు. రెండింటి మధ్య కోణం 149 చుట్టూ, అంటే అంచు మీద. తిరుపతి వైపు చూస్తే విజయవాడతో 170 దాటుతుంది, చెన్నైతో 30 కూడా రాదు, పనికిరాదు. హైదరాబాద్ కలిస్తే విజయవాడతో 60 డిగ్రీలు, బంగారం లాంటి కోణం. కానీ అది 165 మైళ్ల పైన. అడుగుల్లో ఎత్తుకు వర్గమూలం తీసి 1.23తో హెచ్చిస్తే సిగ్నల్ అందే మైళ్లు వస్తాయి. ఆ లెక్కన హైదరాబాద్ అందాలంటే 18,000 అడుగుల పైన ఉండాలి. జెట్‌లకు సరే, 10,000 అడుగుల్లో పోయే విమానానికి 123 మైళ్లే. పడమటి నుంచి, కడప దిక్కు నుంచి, ఒక కొలత అందితే చెన్నైతో కోణం 75 చుట్టూ ఉంటుంది. మన తీరంలో దేన్ని నిలపాలో వయసు చూసి కాదు, ఇట్టా దిక్కు చూసి తేల్చాలి. వీవోఆర్ తీసేసినా దాని పక్కనున్న డీఎంఈని తీసేయనక్కర్లేదు, ఈ మాట మీటింగులో మొహమాటపడకుండా అను. చిన్న టర్బోప్రాప్‌లు చాలావాటిలో డీఎంఈ-డీఎంఈ లెక్క కట్టే పరికరమే ఉండదు. వాటికి జీపీఎస్ పోతే మిగిలేది వీవోఆర్, లేదంటే కంట్రోలర్ ఇచ్చే హెడింగ్. కాబట్టి కింది ఎత్తుల రూట్ల మీద రాడార్ ఎంత కిందిదాకా కనపడుతుందో కూడా ఆ రూటు ఫైల్లో రాసి పెట్టు.

ఆపేసే రోజు గురించి ఒక్క మాట. కొత్త రూట్లు అమల్లోకొచ్చిన ఎయిరాక్ రోజే స్టేషన్ ఆపొద్దు. కనీసం ఒక చక్రం (28 రోజులు) అది నడుస్తూనే ఉండనీ. తర్వాత పనిచేయడం లేదని నోటామ్ ఇచ్చి కొన్నాళ్లు ఆపి ఉంచు. నీ జాబితాకు దొరకనివాళ్లు అప్పుడు ఫోన్ చేస్తారు, తిట్టినా విసుక్కోకుండా రాసుకో. సిగ్నల్ వదులుతూ మోర్స్ గుర్తు మాత్రం తీసేసిన స్థితిలో రోజుల తరబడి ఉంచొద్దు. గుర్తు వినకుండా సూది కదిలితే చాలనుకునే పైలట్లు ఇంకా ఉన్నారు.

ఇన్ని చెప్పానని భయపడకు. నీకు ఓపిక ఉంది, చిన్నప్పుడు కూడా లెక్క తప్పితే తుడపకుండా పక్కన మళ్లీ చేసేదానివి. ఇక్కడా అట్టాగే చెయ్, పాత లెక్క కనపడేలా ఉంచు. భోజనం వేళకు తిను, రాత్రి పది దాటాక కోఆర్డినేట్లు టైపు చెయ్యకు. మిస్డ్ అప్రోచ్ హోల్డింగుల జాబితా తయారైతే ఆదివారం ఫోన్ చెయ్యి, ఒక్కొక్కటీ చదువు, నేను చార్టు ముందేసుకుని వింటా.

ఇట్లు,
పెద్దనాన్న