వాచీ కాదు, ముందు నీ నాడి చూసుకో

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. స్టెంట్ వేసి ఇంకా మూడు వారాలు కాలేదు. అప్పుడే కేబీఆర్ పార్కు చుట్టూ తిరుగుతున్నావని, వాచీలో గుండె వేగం 140 చూసేదాకా ఆగట్లేదని మరదలు ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ 140 ఎక్కడిదో నాకు తెలుసు. 220లోంచి నీ వయసు 54 తీసేస్తే వచ్చే 166 గుండె గరిష్ఠ వేగమని లెక్క, అందులో దాదాపు 85 శాతం. అది జనం మొత్తానికి వేసిన అంచనా. ఒకే వయసు వాళ్లలోనే పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. పైగా నువ్వు వేసుకునే మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచే మాత్ర. అది వేసుకున్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. గుండె అలిసిపోతున్నా నంబరు పెరగదు.

బైపాస్ అయిన కొత్తలో నాకు జరిగింది ఇదే. గుంటూరులో మా వీధి చివరిదాకా నడుస్తుంటే వాచీ 104 దగ్గరే నిలిచిపోయింది. 120 కావాలని అడుగు పెంచాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి, ఎవరింటి గేటో పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నాడి చూడడం నేర్పింది.

నువ్వూ నేర్చుకో. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించు. బొటనవేలితో చూడకు, దానికీ నాడి ఉంటుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. నడక ఆపిన వెంటనే చూడాలి, నిమిషం ఆగితే పడిపోతుంది. పొద్దున్నే మంచం దిగకముందు చూసింది పుస్తకంలో రాసుకో. నీది 64 అన్నావు కదా, ఈ మొదటి వారాల్లో దానికి 20 నుంచి 30 మాత్రమే కలుపు. అంటే 84 నుంచి 94. డాక్టరుగారు వేరే హద్దు చెప్పి ఉంటే అదే నీ హద్దు. తర్వాత టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్ష) చేసినప్పుడు నాడి ఎంత దగ్గర ఇబ్బంది మొదలైందో అడుగు. ఇబ్బంది కనిపిస్తే, దానికి కనీసం పది తక్కువలో ఉండాలి.

మరదల్ని వెంట తీసుకెళ్లు. ఆయాసం లేకుండా ఆమెతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించు. మాత్ర వేసుకునేవాళ్లకి నంబరు కంటే ఈ గుర్తు నమ్మకమైనది.

ఆ పార్కు దారిలో ఎత్తుపల్లాలు ఎక్కువ, ప్రస్తుతానికి వద్దు. మీ అపార్ట్‌మెంటు కింద చదునుగా ఉన్నచోట చాలు. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడువు. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఎండ పడ్డా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్ర లేకపోయినా నాడి మామూలు కంటే ఎక్కువే ఉంటుంది, ఆ రోజు మానెయ్యి.

ఛాతీ బిగిసినా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, చెమటలు పోసినా, నాడి గతి తప్పినట్టు కొట్టుకున్నా నంబరు చూడకు. వెంటనే కూర్చో. ఛాతీ నొప్పికి డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకో. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యి. మొహమాటపడకు, మరదలు కంగారుపడుతుందని దాచకు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను. పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చో, ఒక్కో రోజుదీ చదివి వినిపిద్దువుగాని.

మీ అన్నయ్య