ఆల్బనీలో మా పక్కింటి ‘బిగ్ మామా’

అమెరికా దక్షిణాదిన నల్లజాతి కుటుంబాలలో నాయనమ్మకో అమ్మమ్మకో అంత పెద్దరికం ఎలా వస్తుందో, దగ్గరగా చూసినవారు చెప్పమని అడిగారు. అందరి గురించీ చెప్పే అర్హత నాకు లేదు గానీ, 2009 నుంచి పదకొండేళ్లు జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీలో మా పక్కింట ఉన్న ఒక పెద్దావిడ గురించి చెప్పగలను.

ఇంట్లోవాళ్లకు ఆవిడ ‘బిగ్ మామా’, అంటే పెద్ద అమ్మ. ఊరివాళ్లు పేరుకు ముందు ‘మిస్’ చేర్చి పిలిచేవారు. పెళ్లయి మనవలున్నవారినైనా అక్కడ అలా పిలవడమే మర్యాద. ఆస్తి అంటే పాత చెక్క ఇల్లు, పెరట్లో రెండు పీకాన్ అనే గింజల చెట్లు. అయినా ఆ ఇంట ఏ పెళ్లి మాటైనా, ఏ తగవైనా ఆవిడ వసారాలోకి రాకుండా తెమిలేది కాదు.

దానికి కారణం ఆవిడ మంచం పక్కనుండే బైబిల్ అని నా అభిప్రాయం. దాని మధ్య పుటలలో నాలుగు తరాల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు వేర్వేరు చేతిరాతలతో ఉండేవి. 1850, 1860 జనాభా లెక్కలలో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే వేసి రాశారు. దాదాపు ఎవరికీ పేరు లేదు. ఆ కుటుంబాలవారి పేర్లు మొత్తంగా నమోదైనది 1870లోనే. అలాంటి చరిత్ర ఉన్న ఇంట పేర్ల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వారిదే పెద్దరికం కావడంలో వింత లేదు. 1994 జులైలో ఫ్లింట్ నది పొంగి, ఊరి శ్మశానంలోని శవపేటికలు 400 దాకా పైకి తేలిన వరదలో, ఆవిడ దిండు గలీబులో చుట్టి ఇంట్లోంచి తెచ్చుకున్నది ఆ ఒక్క పుస్తకాన్నే.

1961 డిసెంబరులో ఆల్బనీలో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగి, ఏడు వందల మందికి పైగా అరెస్టయినప్పుడు ఆవిడకు పద్దెనిమిదేళ్లు. ఊళ్లో జైళ్లు నిండిపోవడంతో ఆవిడను పక్క కౌంటీకి (మన జిల్లా లాంటిది) తరలించారట. ఆ సంగతి నేనెంత అడిగినా, అక్కడ చలి ఎక్కువ అని మాత్రం అనేది.

వంట విషయంలో మాటలకు అంత పొదుపు లేదు. శనివారం పొద్దున నన్ను పక్కన నిలబెట్టుకుని బిస్కెట్లు నేర్పేది. (మన బిస్కెట్లు కావు, మెత్తటి ఉప్పురొట్టెలు.) పిండిలో చల్లటి పంది కొవ్వును వేళ్లతో నలిపి, మజ్జిగ పోసి, రెండు మూడు మడతలకు మించి పిసకనిచ్చేది కాదు. గ్లాసు అంచుతో కోసేటప్పుడు నేను అలవాటుగా మెలితిప్పితే నా మణికట్టు పట్టుకుని, ‘బేబీ, నిలువుగా దింపు, నిలువుగా ఎత్తు, తిప్పితే అంచు మూసుకుపోయి పొంగదు’ అనేది. కొవ్వు సంగతి మా అమ్మకు ఫోనులో చెప్పలేదు. పొట్టుతో ఉప్పునీళ్లలో ఉడికించిన వేరుశనక్కాయలు మాత్రం అచ్చం మా ఊరివే. కొత్త ఏడాది నాడు ఆవిడ పంపే అలసందల కూర కూడా మాకు కొత్త కాలేదు.

ఊళ్లో ఎవరు పోయినా, ముందుగా ఆ గుమ్మం ఎక్కేది ఆవిడ కేకు పళ్లెమే. అలాంటి మనిషి 2020 ఏప్రిల్‌లో పోయింది. కొవిడ్ ఆ చిన్న ఊరిని అమెరికాలోనే అతి ఘోరంగా దెబ్బతీసిన నెలలవి. అంతకుముందు జరిగిన రెండు అంత్యక్రియల నుంచే అక్కడ చాలామందికి సోకిందని తేలింది. ఆవిడ సమాధి దగ్గరకు పదిమందినే రానిచ్చారు. పాట లేదు, తర్వాత భోజనాలూ లేవు. మేము కారులో కూర్చుని దూరం నుంచి చూశాం.

మరుసటి వేసవిలో పిల్లలందరూ కలిసి పీకాన్ చెట్ల కింద బల్లలు వేసి, ఏడాది ఆలస్యంగా ఆ భోజనాలు పెట్టారు. పెద్దకూతురు బైబిల్ తెచ్చి, తల్లి పేరు ఎదురుగా తేదీ వేసింది. ఆ పుటలోనే, జననాల వరుస చివర, 2013లో పుట్టిన మా అమ్మాయి పేరు ఆవిడ రాతలో కనిపించింది. ఎప్పుడు రాసిందో మాకు తెలియదు. ఒక అక్షరం తప్పు పడింది. దిద్దమంటారా అని కూతురు కలం అందించింది, వద్దన్నాను.