ఇల్లు తనఖా పెట్టి మిర్చి నిల్వ చేయొచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా ఆయన ఏనుమాముల మార్కెట్లో తేజ మిర్చి కొని, తొడిమలు తీయించి బంగ్లాదేశ్‌కూ చైనాకూ పంపుతారు. లెక్కలు నేను చూస్తాను. ఏడాదికి సరుకు మీద 2.19 కోట్లు పెడితే 2.40 కోట్లు వస్తుంది. అందులో 60 శాతం ఢాకా పార్టీ ఒక్కరిదే. ఇదివరకు రెండు నెలల్లో చేతికొచ్చే డబ్బు ఇప్పుడు మూడు నెలలు దాటుతోంది. ఇల్లు తనఖా పెట్టి 35 లక్షలు తెచ్చి, ధర తక్కువున్నప్పుడే ఎక్కువ కొని కోల్డ్ స్టోరేజీలో పెడదామని ఆయన అంటున్నారు. ఎఫ్‌డీలు 12 లక్షలున్నాయి. రెండేళ్లలో ఇంజినీరింగ్‌లో చేరే పాప కోసం ఈక్విటీ ఫండ్లలో 8 లక్షలు పెట్టాం. బంగారం మీద 9 లక్షల అప్పుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు తనఖా పెట్టకండి. మీ ఆయన చూస్తున్నది జెండా పాట ధరని, అంటే మార్కెట్ వేలంలో ఆ రోజు పలికే అత్యధిక ధరని. మీరు రాసిన లెక్కలో అసలు ప్రమాదం ధరలో లేదు, రోజుల్లో ఉంది.

ఏడాదికి 2.19 కోట్ల ఖర్చంటే సగటున రోజుకు 60 వేలు. డబ్బు 60 రోజుల్లో తిరిగొస్తే వ్యాపారంలో 36 లక్షలు తిరుగుతుంటాయి. అదే 100 రోజులైతే 60 లక్షలు కావాలి. ఒక్క బస్తా ఎక్కువ అమ్మకుండానే 24 లక్షలు అదనంగా పెట్టాల్సి వస్తుందన్నమాట. ఇది ఏడాది సగటు మాత్రమే. కొనుగోళ్లన్నీ మూడు నాలుగు నెలల్లోనే జరిగే వ్యాపారం కాబట్టి సీజన్లో ఒత్తిడి ఇంకా ఎక్కువ. మీ బంగారం అప్పు కూడా బహుశా ఇలా పుట్టిందే. 35 లక్షలు తెచ్చినా అందులో ఎక్కువ భాగం ఈ ఆలస్యమే మింగేస్తుంది, నిల్వ దాకా మిగిలేది తక్కువ.

ఆ రోజులు ఎందుకు పెరిగాయో తెలిస్తే, తగ్గుతాయని ఎదురుచూడొచ్చో లేదో తేలుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు, గ్యాస్, గోధుమల ధరలు పెరిగాయి. వాటిని దిగుమతి చేసుకునే బంగ్లాదేశ్‌లో డాలర్లు అడుగంటాయి. 2023 జనవరిలో ఐఎంఎఫ్ 470 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేయాల్సి వచ్చింది. డాలర్ కొరత ఉన్నచోట కొనేవాడు టాకాల్లో కట్టేసినా, అతని బ్యాంకు డాలర్లు పంపడానికి సమయం తీసుకుంటుంది. 2024 ఆగస్టు 5న అక్కడి ప్రభుత్వం పడిపోయాక బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దగ్గర కొన్నాళ్లు లారీలు నిలిచిపోయాయి. 2025 ఏప్రిల్లో మన నూలు భూమార్గంలో రాకుండా బంగ్లాదేశ్ ఆపింది. మేలో వాళ్ల రెడీమేడ్ బట్టలకు మనం భూమార్గం మూసేశాం. మిర్చి ఆ జాబితాల్లో లేదు. కానీ సరుకు మీద నిషేధం లేకపోయినా దారి మూసుకుపోవచ్చని అవి చెబుతున్నాయి.

చైనా వైపు చిక్కు వేరు. 2023 నవంబర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. మీ కంటైనర్ అటు పోకపోయినా, ఓడలూ ఖాళీ కంటైనర్లూ సముద్రం మీదే ఎక్కువ రోజులు ఉండిపోవడంతో 2024లో తూర్పు దారుల్లోనూ కిరాయిలు పెరిగాయి. అందుకే కిరాయి మీ నెత్తిన పడే సీఎఫ్‌ఆర్ ధర చెప్పొద్దు, సరుకు ఓడ ఎక్కేదాకే ఖర్చు మీదయ్యే ఎఫ్‌ఓబీ చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ ధర ఏడు రోజులకే చెల్లుతుందని కొటేషన్లో రాయండి. ఇంకో మాట. విదేశీ ఆహార సంస్థలు తమ దగ్గర నమోదు కావాలని 2022 జనవరి 1 నుంచి చైనా నియమం పెట్టింది. మీరు వేరేవాళ్ల యూనిట్లో శుభ్రం చేయిస్తుంటే ఆ నమోదు ఎవరి పేరున ఉందో, ఎప్పటిదాకా చెల్లుతుందో కాగితం చూడండి.

ఇప్పుడు ఢాకా పార్టీ సంగతి. 60 వేలలో 60 శాతం అంటే రోజుకు 36 వేలు. వంద రోజులకు ఒక్క మనిషి దగ్గర, ఒక్క దేశంలో మీవి 36 లక్షలు ఆగి ఉంటాయి. మీకు ఏడాదికి మిగిలేది 21 లక్షలే. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన బ్యాంకు, ఆ దేశం డాలర్ల పరిస్థితి ఆయన చేతిలో లేవు. ఎన్నడూ 18 లక్షలకు మించి అక్కడ బాకీ ఉండకూడదని గీత గీయండి. పాత లోడు డబ్బు పడ్డాకే కొత్త లోడు కదలాలి. అమ్మకాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

చెల్లింపు షరతూ మార్చాలి. అప్పు మీద పంపడం ఆపి ఎల్‌సీ అడగండి, అంటే కాగితాలు సరిగ్గా ఇస్తే డబ్బు కడతానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. అదీ మన దేశంలోని బ్యాంకు ధ్రువీకరించిన ఎల్‌సీ అయితే, ఢాకా బ్యాంకు ఆలస్యం చేసినా ఆ బ్యాంకు మీకు కడుతుంది. ధ్రువీకరణకు రుసుము ఉంటుంది, దాన్ని ధరలో కలపండి. ఎల్‌సీ ఉన్నా డబ్బు ఆగేది ఎక్కువగా కాగితాల దగ్గరే. బస్తాల సంఖ్య ఇన్వాయిస్‌లో ఒకటి, ప్యాకింగ్ లిస్టులో ఇంకొకటి ఉన్నా, లోడింగ్ తేదీ ఒక్కరోజు దాటినా తేడా ఉందని బ్యాంకు తిప్పి పంపవచ్చు. డాలర్లు కరువైనప్పుడు అలాంటి తేడాలకోసమే వెతుకుతారు. ఎల్‌సీలో వేరే గడువు రాయకపోతే లోడింగ్ అయిన 21 రోజుల్లో కాగితాలు అందాలి. మీరు పది రోజుల్లోనే ఇచ్చేయండి, తప్పు దొరికితే దిద్దుకోవడానికి సమయం మిగులుతుంది.

ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా తీసుకోండి. చిన్న ఎగుమతిదారులకు విడిగా పాలసీ ఉంది. కొన్న వ్యక్తి దివాలా తీసినా, యుద్ధం వచ్చినా, ఆ దేశం డాలర్లు బయటకు పోనివ్వకపోయినా పరిహారం వస్తుంది. నాణ్యత బాగాలేదని పార్టీ గొడవపెడితే రాదు, డాలర్ రేటు నష్టానికీ రాదు. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు సిద్ధం చేసుకోవడానికి అప్పు) ఇచ్చిన బ్యాంకు తన రక్షణ కోసం ఈసీజీసీ కవర్ తీసుకుంటుంది, దాన్ని చూసి తమకూ బీమా ఉందనుకుంటారు. అది బ్యాంకును కాపాడేదే తప్ప మిమ్మల్ని కాదు. మీ పేరున పాలసీ, ఆ పార్టీ బాకీలో ఎంతవరకు బీమా వర్తిస్తుందో చెప్పే పరిమితి వేరుగా ఉండాలి. డబ్బు ఆలస్యమైతే పాలసీలో రాసిన గడువులోపు తెలియజేయాలి. మొహమాటానికి పోయి ఆగితే క్లెయిమ్ పోతుంది.

రాబోయే డాలర్లను ఫలానా తేదీకి ఫలానా రేటుకు అమ్ముతానని బ్యాంకుతో ముందే చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్ట్ చైనా డబ్బుకు పనికొస్తుంది, ఢాకా డబ్బుకు వద్దు. 30 వేల డాలర్లు 88 రూపాయలకు అమ్ముతానని ఒప్పుకొని, ఆ తేదీకి డబ్బు రాకపోతే, రేటు 90 అయి ఉంటే, రద్దు చేసినందుకు 60 వేలు మీరే కట్టాలి. ఎప్పుడొస్తుందో తెలియని డాలర్లను ముందే అమ్మకూడదు.

నిల్వ మాటకొస్తే, క్వింటా 12 వేలకు కొని ఎనిమిది నెలలు ఉంచితే 10.5 శాతం వడ్డీయే 840 రూపాయలు. పైన కోల్డ్ స్టోరేజీ అద్దె, తరుగు, రంగు తగ్గడం ఉంటాయి. ధర పడటమూ కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్ర మిర్చిని ఆదుకోవడానికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించాల్సి వచ్చింది. ఇక 35 లక్షలకు అదే వడ్డీతో పదేళ్ల ఈఎంఐ నెలకు దాదాపు 47,200. ఈఎంఐ తేదీ మారదు, ఢాకా డబ్బు మాత్రం ఏ తేదీనీ పట్టించుకోదు. అంతగా కావాలంటే సొంత డబ్బుతో పది శాతం సరుకే నిల్వ చేయండి.

ఇంటికీ వ్యాపారానికీ మధ్య గోడ ఇప్పుడే కట్టండి. 12 లక్షల ఎఫ్‌డీల్లోంచి 5 లక్షలు బంగారం అప్పుకు కట్టి కొన్ని నగలు విడిపించుకోండి. ఎఫ్‌డీ మీద వచ్చేకంటే అప్పు మీద పోయే వడ్డీ ఎక్కువ, పైగా విడిపించిన బంగారమే రేపటి అత్యవసర నిధి. మిగిలిన 7 లక్షలు వ్యాపారం అప్పు లేని వేరే బ్యాంకులో పెట్టండి. అప్పిచ్చిన బ్యాంకులోనే మీ ఆయన పేరున ఉంటే, వ్యాపారం బాకీకి బ్యాంకు వాటిని జమ వేసుకోగలదు. ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి రెండు చోట్ల సర్దండి. మీ ఆయన టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద అని ఫారంలో గుర్తు పెట్టించండి. ఆ సొమ్ము మీకూ పాపకూ చెందుతుంది, అప్పులవాళ్లు దాన్ని అడగలేరు. తర్వాత చేర్చడం కుదరదు.

పాప డబ్బు రెండేళ్లలో కావాలి కాబట్టి ఈక్విటీలో ఉంచకండి. సగం ఈ మార్చిలోపు, సగం ఏప్రిల్ తర్వాత తీసి ఎఫ్‌డీలో వేయండి. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభంలో ఒక్కో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. రెండు సంవత్సరాలకు పంచితే ఆ మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది. వ్యాపారానికి ఎంత అవసరమొచ్చినా ఈ 8 లక్షలను తాకనని మీ ఆయనతో ఒక్కమాట అనిపించుకోండి.