వాస్తుశిల్పి ఇంటిని అద్దెకివ్వడం సబబేనా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్‌లో వాస్తుశిల్పి ప్యూజిన్ కట్టుకున్న ‘ది గ్రేంజ్’ అనే ఇంటిని సెలవుల విడిదిగా అద్దెకిస్తున్నారు. మ్యూజియంగా ఉంచవలసిన ఇల్లు కాదా అది? పైగా ఆయన కుమారుడు చేసిన మార్పులను కొన్నింటిని తొలగించారట. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: అద్దెకివ్వడంలో నాకు తప్పేమీ కనిపించదండీ. లండన్ పార్లమెంటు భవనానికి లోపలి అలంకరణలు రూపొందించిన అగస్టస్ ప్యూజిన్ 1843–44లో ఈ ఇంటిని ప్రదర్శన కోసం కట్టలేదు. కుటుంబంతో కాపురముండి, అక్కడే పని చేసుకుని, 1852లో నలభయ్యేళ్లకే అక్కడే కన్నుమూశారు. బయటి నుంచి చూస్తే అందంగా, సమంగా ఉండాలని కాక, లోపల ఎవరికి ఏ గది ఎక్కడ కావాలో చూసుకుని గోడలు లేపిన ఇల్లది. అలాంటి ఇంటి గుణం తాడు కట్టిన గుమ్మం బయట నిలబడితే అంతుపట్టదు. వంట చేసుకుని, మెట్లెక్కి, రాత్రి పడుకుంటేనే తెలుస్తుంది. అదీగాక, ఉప్పుగాలి తగిలే సముద్రతీరంలో పాత ఇంటికి మరమ్మతు ఏనాటికీ తెమలదు. 1997లో దీన్ని కొన్న ల్యాండ్‌మార్క్ ట్రస్టు అద్దె సొమ్మును ఇలాంటి ఇళ్ల పోషణకే వాడుతుంది.

రెండో ప్రశ్నే చిక్కు. కుమారుడు ఎడ్వర్డ్ కూడా వాస్తుశిల్పే కనుక ఆయన చేర్పులకూ చరిత్రలో చోటుంది. అయినా ట్రస్టు తండ్రి కాలపు రూపానికే మొగ్గింది. ఊహతో అయితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. ఇక్కడ ప్యూజిన్ స్వయంగా గీసిన చిత్రాలున్నాయి, గోడల మీద పాత అలంకరణల ఆనవాళ్లున్నాయి. కాళ్లు లేని పక్షి బొమ్మతో, ‘ముందుకు’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి కుటుంబ నినాదంతో ఆయన రూపొందించిన గోడకాగితం మళ్లీ గదుల్లో కనిపించడానికి అటువంటి ఆధారాలే కారణం. ఆధారం లేనిచోట మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టే వదలడం మేలని నా అభిప్రాయం.

మీరు లండన్‌లోనే ఉన్నారు కాబట్టి, అద్దెకు తీసుకోకుండానే కొన్ని గదులు చూసే వీలుందేమో ట్రస్టును ముందుగా అడగండి. పక్కనే ఆయన సొంత ఖర్చుతో కట్టించిన సెయింట్ అగస్టీన్ చర్చి ఉంది, సమాధీ అందులోనే. రెండూ ఒకే పూట చూడవచ్చు.