లా మానేసి బొమ్మలు వేస్తానంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడు పూర్తి చేసింది. ఇవాన్ బిలీబిన్ అనే పాతకాలపు రష్యన్ చిత్రకారుడి జానపద కథల బొమ్మలు, పోస్టర్లు చూసినప్పటి నుంచి తనూ అదే పని చేస్తానని, కాలేజీ మానేస్తానని పట్టుబట్టింది. మాకు ఒకటే టెన్షన్. – ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ఆ బిలీబిన్ ఏం చదివాడో మీ అమ్మాయిని ఒకసారి అడగండి. పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో లా! 1899లో ట్వేర్ ప్రాంతంలోని ఒక పల్లెకు వెళ్లి కథల బొమ్మలు మొదలుపెట్టేనాటికి ఆయన ఇంకా లా విద్యార్థే. వయసు 23. ఆ చదువు చదువుతూనే పేరున్న రష్యన్ చిత్రకారుడు రేపిన్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు.

ఆయన కథల పుస్తకాలు 1901 నుంచి వచ్చాయి. వాటిని అచ్చువేసింది కరెన్సీ నోట్లు ముద్రించే ప్రభుత్వ ప్రెస్సు. నల్లటి గట్టి గీత గీసి, లోపల నీటి రంగులు చదునుగా నింపేవాడు. ఆనాటి రంగుల అచ్చుకు ఆ పద్ధతి చక్కగా కుదిరింది. దూరం నుంచి కనిపించాల్సిన పోస్టరుకూ అదే గీత పనికొచ్చింది. చెయ్యి అంత నిలకడగా ఉండేది కాబట్టే తోటివాళ్లు ఆయన్ని ‘ఉక్కు చెయ్యి ఇవాన్’ అనేవారు. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఇదే: కంప్యూటర్ తెరమీద బాగుండటం వేరు, అచ్చయ్యాక బాగుండటం వేరు. సెలవుల్లో ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్సులో నెల రోజులు కూర్చుంటే ఆ తేడా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఆయన కథల బొమ్మలనే పట్టుకు కూర్చోలేదు. పోస్టుకార్డులు, పత్రికలకు బొమ్మలు, ఒపెరాకి సెట్లు, పాఠాలు చెప్పడం, అన్నీ చేశాడు. ఇప్పుడూ ఈ రంగంలో అంతే, నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం వస్తే తప్ప నెల గడవదు. (1906లో జార్‌ని, అంటే రష్యా చక్రవర్తిని, గాడిదగా వేసి అరెస్టయ్యాడు కూడా. లా చదివినవాడే!)

మిగిలిన రెండేళ్లు వృథా అనుకోవద్దని తనకి చెప్పండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చే ఒప్పందంలో గడువు పెట్టకపోతే 5 ఏళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. బొమ్మలు వేసేవాళ్లలో చాలామంది ఇది తెలియకుండానే సంతకం పెట్టేస్తారు. పైగా డిగ్రీ ఉంటే సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి కొన్ని సంస్థల్లో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ)కి ప్రయత్నించవచ్చు. ఇప్పుడు మానేసి బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ)లో చేరితే మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్లు. అయితే క్లాసుకు వెళ్లాలంటేనే ఏడుస్తోందా, సబ్జెక్టులు మిగిలిపోతున్నాయా? అప్పుడు మాత్రం బలవంతం చెయ్యకండి, బీఎఫ్ఏనే నయం.

బిలీబిన్ 1902 నుంచి రెండు మూడేళ్లు ఉత్తర రష్యా పల్లెలు తిరిగి చెక్క ఇళ్లను ఫొటోలు తీశాడు, పాత కుట్టుపనులు సేకరించాడు. ఆయన బొమ్మల అంచుల్లోని అల్లికలు అలాంటి చోట్ల దొరికినవే. మీకేమో చేర్యాల దగ్గర్లోనే ఉంది. ఎర్రటి నేపథ్యం మీద నల్ల గీతతో కథంతా చెప్పే నకాషీ పటాలు అక్కడ ఇంకా వేస్తున్నారు. ఈ ఆదివారం స్కెచ్‌బుక్ ఇచ్చి తనని అక్కడికి తీసుకెళ్లండి, మీరూ పక్కన కూర్చోండి.